స్కోపు మీద బొట్టు

"గట్టు మీద నుంచి కల్లంలోకి ఒకే గుండు," అన్నాడు సీఐ దావీదురాజు. "ఈ చుట్టుపక్కల ఆ సైజు రైఫిల్ ఒకటే. లైసెన్సు ఒకడికే. ఇంకేం కావాలి మేడం మీకు?"

నజ్మీన్ మిరప కల్లం మధ్యలో నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పట్టా కప్పి ఉంది. సోమవారం ఉదయం ఆరుంపావుకు చైతన్యకృష్ణ అక్కడ పడి చనిపోయాడు. కల్లం యజమాని ఆ భాగం వదిలేసి మిగతా కాయను బస్తాలకు ఎత్తించి పక్కన పేర్పించాడు. పోలీసు తాడు లోపల ఉన్న కాయ మూడు రోజులుగా అలాగే ఉంది.

చైతన్యకృష్ణకు సత్తెనపల్లిలో విత్తనాల కొట్టు ఉంది. అతను అమ్మిన మిరప విత్తనం నకిలీదని ఊళ్లో రైతులు గొడవ చేశారు. వారిలో వీరబాబు అనే రైతు కొట్టు ముందే అతన్ని చెంపమీద కొట్టాడు. కాల్చి పారేస్తానన్నాడు. ఆ మాట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వీరబాబు దగ్గర రైఫిల్ ఉందని కూడా అందరికీ తెలుసు. అడవి పందులు చేలో పడుతున్నాయని లైసెన్సు తీసుకున్నాడు. ఈ మధ్యే దానికి గురి చూసే దుర్భిణి, అంటే స్కోపు, పెట్టించాడు.

సీఐ అతన్ని నిన్న సాయంత్రం అరెస్టు చేశాడు. ఈ రోజు నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. రైఫిల్‌కు సీలు వేసి ల్యాబుకు పంపాలి. ల్యాబు రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ వీరబాబు జైల్లో ఉంటాడు. సీలు పడే లోపు పోలీసుల ఎదుట రైఫిల్‌ను ఒకసారి పరీక్షించడానికి అతని లాయరు అనుమతి తెచ్చాడు. పరీక్షించవలసిన మనిషి నజ్మీన్. ఆమె ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో ఆయుధాల విభాగంలో పనిచేసి, యాభై దాటాక ఉద్యోగం మానేసి, గుంటూరులో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. వీరబాబు భార్య కోటిరత్నం ఆమెను కుదుర్చుకుంది.

"గుండు తగిలినప్పుడు చైతన్యకృష్ణ ఏం చేస్తున్నాడు?" అంది నజ్మీన్.

"కాయ విరిచి గింజలు చూపిస్తున్నాడు. ఏఓ మేడం గారికి."

ఏఓ అంటే మండల వ్యవసాయాధికారి లక్ష్మీదుర్గ. ఫిర్యాదు మీద ఆమె శాంపిల్ తీసుకోవడానికి వచ్చింది. శాంపిల్ తీసేటప్పుడు విత్తనం అమ్మినవాడు ఎదురుగా ఉండాలి. అందుకని అతన్నీ రమ్మంది. ఎండ ఎక్కితే కాయ పెళుసై విరిగిపోతుంది కాబట్టి ఈ సీజన్లో కల్లం పని తెల్లవారకముందే మొదలవుతుంది. వాళ్లు కూడా ఆ వేళకే వచ్చారు.

"ఆమె ఎటువైపు నిలబడింది?"

"పక్కనే. భుజానికి భుజం తగిలేంత దగ్గర. రక్తం ఆవిడ చీర మీద కూడా పడింది."

"ఎటువైపు అని అడిగాను."

దావీదురాజు గట్టు వైపు తిరిగి చెయ్యి చాపాడు. "గట్టు మీద నుంచి చూసేవాడికి డీలరు ఎడమ, మేడం కుడి. చాలా?"

"చాలు. శాంపిల్ తీసుకుందా?"

"ఎక్కడ తీసుకుంటుంది? గుండు శబ్దానికి అందరూ చెల్లాచెదురయ్యారు. తర్వాత మేము తాడు కట్టాం. ఈ మధ్యాహ్నం తీసేస్తున్నా. కల్లం ఓనరు రోజూ వచ్చి నా ప్రాణం తీస్తున్నాడు."

వాళ్లిద్దరూ గట్టు ఎక్కారు. తుమ్మ చెట్ల మధ్య గడ్డి నలిగి ఉంది. మడత పెట్టిన గోనెసంచి అక్కడ దొరికిందని, దాని మీద రైఫిల్ ఆనించాడని సీఐ చెప్పాడు. పేలిన తూటా ఖాళీ తొడుగు దొరకలేదు. వీరబాబు బోరు మోటారు షెడ్డు అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. ఆ ఉదయం అతను షెడ్డు దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఒక్కడే ఉన్నానని అతనే చెప్పాడు.

"పోనీ మీరే చెప్పండి," అన్నాడు సీఐ. "అక్కడ మోటారు, ఇక్కడ గట్టు, ఇంట్లో తుపాకీ. ఆ తుపాకీ గొట్టంలో కాల్చిన మసి ఉంది. నేనేమన్నా కథ అల్లానా?"

"ఇంట్లో తుపాకీ ఎలా ఉందో చూశారా?"

"బీరువాలో ఉంది. తీసుకొచ్చాం."

"బోల్టు?"

సీఐ గట్టు దిగడం మొదలుపెట్టాడు. "అది అతని భార్య తెచ్చి ఇచ్చింది."

* * *

కోటిరత్నం బీరువా చూపించింది. తర్వాత వంటింట్లోకి తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము మూత తీసింది.

"బోల్టు ఇందులో దాస్తానమ్మా. అడుక్కంటా తోసి."

"విడిగా దాచమని ఎవరు చెప్పారు?"

"కోచ్ గారు. గుంటూరు నుంచి వచ్చి దుర్భిణి బిగించారే, ఆ శ్యామ్ సుందర్ గారు. బోల్టు లేకపోతే అది ఉత్త కర్రతో సమానం, రెండూ ఒకచోట ఉంచొద్దమ్మా అన్నారు. మంచి మాటే గదా. మరెక్కడ పెట్టమంటారని నేనే ఈ డ్రమ్ము చూపించా. నవ్వారు కూడా. అన్నం వండుకునే చోట దీన్ని ఎవరు వెతుకుతారమ్మా అని."

"డ్రమ్ము సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా ఇద్దరికీ, ఆయనకీ. ఎవరికి చెబుతాం?"

"సోమవారం తెల్లవారుజామున ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేను మా కల్లంలో, ఆయన మోటారు దగ్గర. ఈ రోజుల్లో ఊళ్లో ఏ ఇంట్లో అయినా ఆ వేళ మనిషి దొరకడు. ఇంటికీ బీరువాకీ తాళం చెవులు ఆ గుమ్మం మీదే ఉంటాయి."

నజ్మీన్ గుమ్మం పైకి చూసింది. చెయ్యి ఎత్తితే అందేలా ఉంది.

కోటిరత్నం గొంతు తగ్గించింది. "ఒకటి చెప్పనా అమ్మా? సీఐ గారికి కూడా చెప్పా, వినలేదు. ఆ రోజు కల్లం నుంచి వచ్చి అన్నానికి బియ్యం తీస్తుంటే డబ్బాకి ఠంగుమని తగిలింది. చూస్తే బోల్టు. పైనే ఉంది. నేనెప్పుడూ అట్లా పెట్టను."

"సీఐ ఏమన్నాడు?"

"మొగుడి కోసం ఏమైనా చెబుతావులే అన్నాడు." ఆమె కొంగుతో డ్రమ్ము మూత తుడిచింది. "ఆయనకి నోరు ఎక్కువమ్మా. చెయ్యి కూడా తొందరే. కానీ పందిని కూడా ఇంతవరకు కొట్టలేదు. తుపాకీ పైకి పేల్చి తరిమేవాడు. అందుకే ఆ దుర్భిణి పెట్టించుకున్నాడు, ఒక్కటన్నా తగులుతుందేమోనని. మంచి జరగాలని పూజ కూడా చేశాం."

"తుపాకీకి పూజ చేశారా?"

"రామ రామ. ప్రాణం తీసేదాన్ని దేవుడి గదిలో ఎట్లా పెడతానమ్మా? దుర్భిణి ఒక్కటే ఊడదీయించా. కొత్త మోటారైనా ట్రాక్టరైనా మా ఇంట్లో బొట్టు పెట్టనిదే వాడం. పళ్లెంలో పెట్టి, గంధం రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం."

"బొట్లు ఎక్కడెక్కడ పెట్టారు?"

"మూడు పెట్టా. ముందొకటి, మధ్యలో ఒకటి, కంటి దగ్గర ఒకటి. కుంకం కాస్త నూనెతో కలిపి పెట్టా, రాలకుండా."

"ఎవరు ఊడదీశారు?"

"ఆయనే."

"మళ్లీ ఎవరు బిగించారు?"

"ఆయనే. కోచ్ గారిచ్చిన చిన్న తాళం లాంటిది ఉందిగా, వంకరది. దాంతో."

"బిగించాక కాల్చి చూసుకున్నాడా?"

కోటిరత్నం తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. "లేదమ్మా. కోచ్ గారు వెళ్లేటప్పుడు గట్టిగా చెప్పి వెళ్లారంట, దీన్ని విప్పొద్దు, విప్పితే గురి పోద్ది, మళ్లీ నేనొచ్చి కాల్చి సరిచెయ్యాలి అని. పూజకి విప్పామని చెబితే తిడతారు గదా. కోతలయ్యాక నిదానంగా పిలుద్దాంలే అన్నాడు ఈయన. ఈ లోపు ఇట్లా అయింది."

"ఈ మాట పోలీసులకు చెప్పారా?"

"వాళ్లు అడగలేదు. ఇందులో ఏముందమ్మా చెప్పడానికి?"

* * *

స్టేషన్లో బల్ల మీద గుడ్డ పరిచి రైఫిల్ పెట్టారు. బల్లకు అవతల శ్యామ్ సుందర్ కూర్చుని ఉన్నాడు. గుంటూరులో ఒక రైఫిల్ క్లబ్బులో కోచ్. లైసెన్సు ఉన్నవాళ్లకు ఇళ్లకు వెళ్లి స్కోపులు బిగిస్తాడు. పోలీసులకు ఆయుధాల గురించి సలహా కావాలంటే అతన్నే పిలుస్తారు. ఈ రోజు కూడా సీఐ పిలిచాడు.

"నజ్మీన్ గారూ," అన్నాడతను. లేచి నమస్కారం పెట్టాడు. "మీ రిపోర్టులు మా క్లబ్బులో చదివేవాళ్లం. ఇప్పుడు ప్రైవేటుగా చేస్తున్నారట."

"ముందు బోల్టు తీయండి," అంది నజ్మీన్.

"తీసే ఉంచాను." అతను బల్ల చివర ఉన్న బోల్టును చూపించాడు. నజ్మీన్ అయినా వంగి, గుండు కూర్చునే చోట చిటికెన వేలు పెట్టి చూసింది. ఖాళీ.

"ఈ అలవాటు నాకు నచ్చింది," అన్నాడు శ్యామ్ సుందర్.

దావీదురాజు గడియారం చూశాడు. "మూడున్నరకి బయల్దేరాలి. ఏం చూడాలో చూడండి. మావాడు వీడియో తీస్తున్నాడు. తర్వాత మేమేదో మార్చామనకుండా."

"తీయనివ్వండి. మధ్యలో ఆపొద్దు."

స్కోపు మీద మూడు బొట్లు ఉన్నాయి. బొట్టు ట్రాక్టరు మీద ఉంటుంది, మోటారు మీద ఉంటుంది, స్టేషన్ జీపు మీద కూడా ఉంటుంది. పంచనామాలో దాని ప్రస్తావన లేదు. నజ్మీన్ మూడో బొట్టు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శ్యామ్ సుందర్ గారూ, ఈ స్కోపు మీరు ఎలా బిగించారో చెప్పండి."

"అందరికీ ఎలా బిగిస్తానో అలాగే. ముందు బోల్టు తీసి పక్కన పెడతాను. కింది బేసులు తుడిచి, రింగుల్లో స్కోపు కూర్చోబెడతాను. కంటికీ స్కోపుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచుతాను. లేకపోతే పేల్చినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుతుంది. అడ్డగీత సమంగా ఉందో లేదో చూసి స్క్రూలు బిగిస్తాను. ఒక పక్కే పూర్తిగా బిగిస్తే స్కోపు పక్కకి లాగుతుంది. ఇటొకటి అటొకటి, కొంచెం కొంచెం."

"తర్వాత?"

"తర్వాత కన్ను ఆనించే చోట ఉన్న వెనక రింగు తిప్పి, మనిషి కంటికి తగ్గట్టు గీతలు స్పష్టం చేస్తాను. కళ్లజోడు నంబరు లాంటిది అది. వీరబాబుకి వీరబాబు కంటికి పెట్టాను. ఆఖరున బయటికి తీసుకెళ్లి, వెనక మట్టికట్ట ఉన్న చోటు చూసుకుని, కాల్చి, గీతలు గుండు పడే చోటికి తెస్తాను. కాలువ దగ్గర చేశాం. చివరి మూడు గుండ్లు ఒక రూపాయి బిళ్ల కింద కప్పొచ్చు."

"ఆ రోజు తర్వాత దీన్ని మీరు ముట్టుకున్నారా?"

"లేదు. మళ్లీ ఈ రోజే చూడటం. మీరు వచ్చేదాకా ఆగుదామని స్కోపులోంచి చూడను కూడా లేదు."

నజ్మీన్ రైఫిల్‌ను కిటికీ వైపు తిప్పి స్కోపుకు కన్ను ఆనించింది. పొలానికి అవతల నీళ్ల ట్యాంకు ఉంది.

"మీ బిగింపు బాగాలేదు," అంది.

శ్యామ్ సుందర్ నవ్వాడు. "ఏమైంది?"

"అంతా మసక. గీతలు కూడా సరిగ్గా లేవు. సీఐ గారూ, మీరు చూడండి."

దావీదురాజు వంగి చూశాడు. "నాకూ బూజు పట్టినట్టే ఉంది కోచ్ గారూ."

"ఇటివ్వండి." శ్యామ్ సుందర్ కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకున్నాడు. కన్ను ఆనించాడు. "అద్దంలా ఉంది. ట్యాంకు మీద రాసిన తారీఖు కూడా చదువుతాను, వినండి." చదివాడు. "దావీదురాజు గారూ, మీరు చూపించుకోవాల్సింది నాకు కాదు, కళ్ల డాక్టరుకి."

సీఐ నవ్వాడు. వీడియో తీస్తున్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

"గీతలు?" అంది నజ్మీన్.

"వెంట్రుకల్లా ఉన్నాయి."

"కళ్లజోడు లేకుండానే?"

"స్కోపుకి కళ్లజోడు దేనికండీ? రింగు ఉన్నదే అందుకు."

"రికార్డయిందా?" అని ఆమె కానిస్టేబుల్‌ను అడిగింది. అయిందన్నాడు. "వీరబాబును తీసుకురండి."

వీరబాబును లాకప్ నుంచి తెచ్చారు. యాభై ఏళ్లు పైబడిన మనిషి. రైఫిల్‌ను చూసి గుమ్మం దగ్గరే ఆగాడు.

"రావయ్యా," అన్నాడు సీఐ. "అందులోంచి చూడు. చెయ్యి వెయ్యకు."

వీరబాబు చేతులు వెనక్కి పెట్టుకుని వంగాడు. ఒకసారి కన్ను నులుముకుని మళ్లీ చూశాడు.

"ఏం కనపడట్లేదు సార్. మంచు పట్టినట్టుంది."

"బిగించిన రోజు ఎలా ఉంది?" అంది నజ్మీన్.

"ఆ రోజు దారం లాగా కనపడ్డాయమ్మా గీతలు. కోచ్ గారే తిప్పి తిప్పి పెట్టారు. ఇప్పుడుందా, ఇప్పుడుందా అని అడుగుతా."

శ్యామ్ సుందర్ కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

నజ్మీన్ మూడో బొట్టు మీద వేలు పెట్టకుండా చూపించింది. కోటిరత్నం ఆ బొట్టును స్కోపు గొట్టానికీ వెనక రింగుకీ మధ్య ఉన్న అతుకు మీద పెట్టింది. ఇప్పుడు ఆ బొట్టు రెండు ముక్కలుగా ఉంది. సగం గొట్టం మీద ఉంది. మిగతా సగం రింగుతో పాటు పక్కకు తిరిగి ఉంది.

"ఇది పూజ రోజు పెట్టిన బొట్టు," అంది. "తర్వాత ఎవరో రింగు తిప్పారు. సీఐ గారూ, దగ్గర నుంచి ఫొటోలు తీయించండి. తర్వాత మీరే నిదానంగా తిప్పండి. రెండు సగాలూ కలిసే దాకా."

దావీదురాజు కానిస్టేబుల్‌ను దగ్గరికి పిలిచాడు. ఫొటోలు తీయించాడు. చేతికి గ్లవ్ వేసుకుని రింగు తిప్పాడు. కుంకుమ సగాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి.

"ఆపండి. వీరబాబూ, ఇప్పుడు చూడు."

వీరబాబు చూశాడు. "వచ్చాయమ్మా. దారం లాగా ఉన్నాయి."

"శ్యామ్ సుందర్ గారూ, మీరు చూస్తారా?"

అతను కదల్లేదు. "నజ్మీన్ గారూ, దగ్గరవి తప్ప దూరానివి కనపడని కళ్లు గుంటూరు జిల్లాలో నా ఒక్కడికే లేవు. సెంటర్లో నిలబడండి. పదిమందిలో ముగ్గురికి నాలాంటి కళ్లజోడే. వాళ్లందరినీ తీసుకొస్తారా?"

"వాళ్లకి బియ్యం డ్రమ్ము సంగతి తెలియదు."

"ఏం డ్రమ్ము?" అన్నాడు సీఐ.

"బోల్టు దాచిన చోటు. మీకు కోటిరత్నం చెప్పింది, మీరు వినలేదు. అది ఎక్కడుంటుందో తెలిసినవాళ్లు ముగ్గురు. అందులో ఒకరు వీరబాబు. అతనికి ఈ రింగు ఇందాకటిలా ఉంటే మనిషి సంగతి అటుంచి, కల్లమే కనపడదు."

"ఆగండి మేడం." దావీదురాజు లేచాడు. "మీరు చెప్పేది బాగుంది. కోర్టులో నిలబడదు. ఈయనకీ ఆ డీలరుకీ ముఖపరిచయం కూడా లేదు. నేను కాల్ రికార్డులు చూశా. చైతన్యకృష్ణని చంపాల్సిన అవసరం ఈయనకేంటి?"

"ఏమీ లేదు," అంది నజ్మీన్.

"మరి?"

"చైతన్యకృష్ణను చంపాలని ఎవరూ అనుకోలేదు. ఇసుక సంచులు ఉన్నాయా?"

* * *

స్టేషన్ వెనక వరండాలో బల్ల వేసి, దాని మీద రెండు ఇసుక సంచులు పెట్టి, వాటి మీద రైఫిల్‌ను కదలకుండా కూర్చోబెట్టారు. అక్కడి నుంచి నీళ్ల ట్యాంకు దాకా దూరం, గట్టుకీ కల్లానికీ మధ్య ఉన్న దూరానికి ఇంచుమించు సమానం.

"బోల్టు లేకపోతే తుపాకీ గొట్టంలోంచి అవతల వెలుతురు కనపడుతుంది," అంది నజ్మీన్. "గొట్టం ఎక్కడికి చూస్తుందో స్కోపు గీతలు కూడా దాదాపు అక్కడికే చూడాలి. కాల్చకుండా తెలుసుకునే పద్ధతి ఇదే. శ్యామ్ సుందర్ గారూ, మీరే చెయ్యండి. నేను చేస్తే నమ్మరు."

"సంతోషంగా," అన్నాడతను. "దాంట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా నా లైసెన్సు మీ చేతికిస్తా."

అతను వంగి, వెనక నుంచి గొట్టంలోకి చూస్తూ సంచులు సర్దాడు. ట్యాంకు నిచ్చెన గొట్టం మధ్యకు వచ్చిందని చెప్పాడు. తర్వాత తల ఎత్తి స్కోపుకు కన్ను ఆనించాడు.

చాలాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ గొట్టంలోకి చూశాడు. మళ్లీ స్కోపులోకి చూశాడు. స్కోపును పట్టి ఉంచే ముందు రింగు దగ్గర స్క్రూల మీద గోరు పెట్టి చూశాడు. ఒక పక్క ఖాళీ లేకుండా బిగిసి ఉంది. రెండో పక్క గోరు దూరింది.

"ఎవరు విప్పారు దీన్ని?" అన్నాడు.

అతను వీరబాబు వైపు తిరిగాడు. "ఏరా, స్కోపు విప్పావా?"

"పూజకి సార్," అన్నాడు వీరబాబు. "తుపాకీని దేవుడి దగ్గర పెట్టకూడదని మా ఆవిడ... చెబితే మీరు తిడతారని..."

"పూజకా?"

"మళ్లీ బిగించా సార్. గట్టిగానే బిగించా."

శ్యామ్ సుందర్ స్కోపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

"సీఐ గారూ, చూడండి," అంది నజ్మీన్.

దావీదురాజు గొట్టంలోకి చూశాడు. నిచ్చెన కనిపించింది. స్కోపులోకి చూశాడు. గీతలు నిచ్చెన మీద లేవు. నిచ్చెనకు కుడివైపున ఉన్న నీటిగొట్టం మీద ఉన్నాయి.

"మధ్యలో మూరెడు ఉంటుంది," అన్నాడు.

"అంటే గీతలు ఎక్కడ పెట్టి కాల్చినా గుండు దానికి మూరెడు ఎడమకి పోతుంది. అది వీరబాబుకి తెలుసు. విప్పినవాడు అతనే కాబట్టి. మనిషిని చంపాలనుకున్నవాడు గురి పోయిన రైఫిల్ తీసుకెళ్లడు. గురి సరిగ్గా ఉందని నమ్మినవాడే తీసుకెళ్తాడు."

"నేను గురి తప్పలేదు," అన్నాడు శ్యామ్ సుందర్.

అతను ఆ మాట ఎవరితోనూ అనలేదు. స్కోపు వైపు చూస్తూ అన్నాడు. కానిస్టేబుల్ చేతిలో ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

"తప్పలేదు," అంది నజ్మీన్. "మిమ్మల్ని పంపినవాళ్లు మూడు రోజులుగా అడుగుతున్నారా, ఎలా తప్పావని?"

శ్యామ్ సుందర్ కుర్చీ కోసం వెనక్కి చూసి, లేకపోతే వరండా అంచున కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

దావీదురాజు చెయ్యి ఎత్తి, కల్లంలో చూపించినట్టే, గాలిలో ఎడమా కుడీ చూపించుకున్నాడు. "డీలరు ఎడమ," అన్నాడు. "కుడి..."

"లక్ష్మీదుర్గ. ఆమె తీసుకునే శాంపిల్ ల్యాబుకి చేరితే ఆ విత్తనం తయారు చేసినవాళ్లు మునుగుతారు. ఈయన్ని పంపింది వాళ్లే అయి ఉండాలి. గుండు అనుకున్నట్టే తగిలి ఉంటే మీరేం రాసేవారు? వీరబాబు డీలరుకి గురిపెట్టాడు, పక్కనున్న ఆఫీసరుకి తగిలింది. అవునా?"

"అదే రాసేవాణ్ని," అన్నాడు దావీదురాజు. గుమ్మంలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "రిమాండు రిపోర్టు పక్కన పెట్టు. వీరబాబుని నా గదిలో కూర్చోబెట్టు. లాకప్‌లో కాదు. ఈయన ఫోను తీసుకో."

వీరబాబుకు ఏం జరిగిందో సగమే అర్థమైంది. "మా ఆవిడకి చెప్పొచ్చా సార్?" అన్నాడు.

"చెబుదాంలే. కూర్చో పో."

హెడ్ కానిస్టేబుల్ శ్యామ్ సుందర్ జేబులోంచి ఫోను తీశాడు. శ్యామ్ సుందర్ అభ్యంతరం చెప్పలేదు. గోడ గడియారం వైపు చూశాడు. మూడు దాటింది. నజ్మీన్ అతని చూపు గమనించింది.

"మీరు ఈ రోజు ఎన్నింటికి వచ్చారు?" అంది.

"రెండింటికి," అన్నాడు సీఐ. "నేను పన్నెండింటికి రమ్మన్నా. పనుంది, రెండింటికి వస్తా, సాయంత్రం దాకా మీతోనే ఉంటా అన్నాడు."

"ఏఓకి ఫోన్ చెయ్యండి. స్పీకర్లో పెట్టండి."

దావీదురాజు చేశాడు. నాలుగోసారి మోగాక లక్ష్మీదుర్గ ఎత్తింది. గాలి శబ్దం వినిపించింది.

"నమస్తే సీఐ గారూ. వచ్చేశానండి. మీవాళ్లు తాడు తీసేశారు."

"ఎక్కడికి వచ్చేశారు మేడం?"

"కల్లం దగ్గరికి. శ్యామ్ సుందర్ గారు మధ్యాహ్నం ఫోన్ చేశారుగా, మీ ఎక్స్‌పర్ట్. సోమవారం నేను ఎక్కడ నిలబడ్డానో కొలత తీసుకోవాలి, మూడింటికి రమ్మన్నారు. ఎలాగూ శాంపిల్ కూడా తీసుకోవాలి కదా అని వచ్చా. ఆయన రాలేదు కానీ ఆయన మనిషిని పంపారు."

"ఎవరు? ఎక్కడున్నాడు?"

"గట్టు మీద ఉన్నాడండి, కొలతల సామాను పట్టుకుని. ఎండకి సరిగ్గా కనపడట్లేదు. చెయ్యి ఊపుతున్నాడు, కొంచెం ఎడమకి జరగమని. జరుగుతున్నా, ఉండండి."

స్టేషన్ నుంచి కల్లం పన్నెండు కిలోమీటర్లు. దావీదురాజు జీపు తియ్యమని హెడ్ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. నజ్మీన్ ఫోను సీఐ చేతిలోంచి తీసుకుంది.

"లక్ష్మీదుర్గ గారూ, అటు చూడొద్దు. పక్కనే ఉన్న బస్తాల వెనక పడుకోండి. ఇప్పుడే."

"ఎవరండీ మాట్లాడేది?" అంది లక్ష్మీదుర్గ.